గేటు వేశాక ఇచ్చే నంబరు

ఫోను మోగగానే మనుషులు ఏం చేస్తారన్న విషయం మీద ఇంతవరకు ఎవరూ చరిత్ర గ్రంథం రాయలేదు. ఏ రాజు ఏ ముహూర్తాన గద్దెనెక్కాడో, ఏ యుద్ధంలో ఎన్ని ఏనుగులు కూలాయో లెక్కగట్టి రాసిన మహానుభావులు, ఫోను మోగినప్పుడు మా మావయ్య చేసే పనుల్ని పూర్తిగా విస్మరించడం ఆ శాస్త్రానికి తీరని లోటు. నా శక్తి మేరకు ఆ లోటు పూడుస్తాను.

ఫోను మోగుతుంది. మావయ్య లేచి నిలబడతాడు. కూర్చుని ఫోనెత్తిన దాఖలా ఆయన జీవితంలో లేదు. చొక్కా పైగుండీ పెట్టుకుంటాడు. ఎడమవైపు చూస్తాడు. కుడివైపు చూస్తాడు. ఎడమవైపున్నది గోడ, కుడివైపున్నది బీరువా. ఆయన ఆ ఇంట్లో దిగి పన్నెండేళ్లయింది, ఈ రెండింటిలో ఏదీ ఇంతవరకు కదల్లేదు. అయినా చూస్తాడు. అప్పుడు ఫోను తీసి, "గేటు" అంటాడు. హలో అనడు.

ఈ తతంగం ముగిసేలోపు ఫోను చేసినవాళ్లలో సగంమంది పెట్టేస్తారు. మిగతా సగంలో చాలామంది "గేటు" అన్న మాట విని, వేరే ఇంటికి పోయిందనుకుని పెట్టేస్తారు. ఈ రెండు గండాలూ గడిచి మావయ్యతో మాట్లాడగలిగినవాడంటే, వాడికి మావయ్యతో చాలా గట్టి పనే ఉండాలి.

మావయ్య రైల్వే గేటు మనిషి. ఊరికి అవతల, రోడ్డూ పట్టాలూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటేచోట ఒక గది, గోడకు బిగించిన నల్లటి ఫోను, బయట ఇనప గేటు. ముప్ఫై నాలుగేళ్లు ఆయన లోకం ఇంతే. రైలు వదిలేముందు స్టేషన్ మాస్టరు ఫోను చేసేవాడు. రైలొస్తోందని చెప్పి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెప్పేవాడు. మావయ్య దాన్ని తిరిగి చదివి వినిపించి రిజిస్టరులో రాసుకునేవాడు. వెళ్లి గేటు వేసేవాడు. తాళం వేసేవాడు. తాళాన్ని రెండుసార్లు లాగి చూసేవాడు. తాళంచెవి చేత్తో పట్టుకుని గదిలోకొచ్చి, అప్పుడు తన కాగితంలోంచి ఒక నంబరు స్టేషన్ మాస్టరుకు ఇచ్చేవాడు. ఆ నంబరుకు ఒకటే అర్థం: గేటు పడింది, చెవి నా చేతిలో ఉంది, ఇక రైలు వదులుకో. ఒకసారి ఇచ్చిన నంబరును అక్కడికక్కడే కొట్టేయాలి. మళ్లీ వాడకూడదు. గేటు పడకముందు ఇవ్వకూడదు. గేటు వేసినవాడు తప్ప ఇంకొకరు ఇవ్వకూడదు.

బ్యాంకులవాళ్లు ఇవాళ దీనికే ఓటీపీ అని పేరు పెట్టి, తామేదో కనిపెట్టినట్టు రోజుకు నాలుగుసార్లు మనకు మెసేజీలు పెడుతున్నారు. మా మావయ్య ఆ విద్యను ఎండకు పెచ్చులూడిన గదిలో, చెవిమీద పెన్సిలు పెట్టుకుని, ముప్ఫై నాలుగేళ్లు నిర్వహించాడు. బండికి ఆరేడువందల మంది, కిటికీల్లో మోచేతులు పెట్టుకుని, ఆయన చెప్పిన రెండంకెల మీదుగా నడిచి వెళ్లిపోయేవారు. వాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఆయన మొత్తం మీద లక్షకు పైగా నంబర్లు ఇచ్చి ఉంటాడని నేనొకసారి లెక్కవేశాను. ఆయన ఇచ్చినవాటిలో ఒక్కటి కూడా తప్పు పోలేదు.

ఉద్యోగం అయిపోయాక మావయ్యా అత్తయ్యా మా వీధిలోనే ఒక భవనంలో మూడో అంతస్తులో చేరారు. లిఫ్టు లేదు. నలభై ఎనిమిది మెట్లు. చేరేనాటికి అత్తయ్యకు మోకాళ్లు బాగానే ఉండేవి. తర్వాత మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. రెండేళ్లుగా ఆవిడ కిందికి దిగలేదు. వరండాలో కుర్చీ వేసుకుని పైనుంచే లోకాన్ని ఏలుకునేది. దానివల్ల ఆవిడకు వీధిలో జనమంతా నడినెత్తిని బట్టి తెలుసు. "ఆ పాపిడి పక్కకు తీసుకున్నాయన ఇవాళ ఆఫీసుకు ఆలస్యమైనట్టున్నాడు" అనేది. అదే మనిషి మెట్లెక్కి ఎదురుగా వచ్చి నిలబడితే, తల వంచమనాల్సి వచ్చేది.

రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేస్తే మళ్లీ మెట్లు దిగొచ్చని డాక్టరు చెప్పాడు. గురువారం తేదీ ఇచ్చాడు. బుధవారం డబ్బు కట్టాలి. మావయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మిగిలింది డిపాజిట్‌లో ఉంది. దాన్ని సోమవారం విడిపించి మామూలు ఖాతాలో వేయించాడు. నాలుగు లక్షల ఇరవై వేలు. అది పోతే ఇంకొకటి లేదు. అది ఉంటే అత్తయ్య మెట్లు దిగుతుంది, లేకపోతే నడినెత్తులు చూస్తూ కూర్చుంటుంది.

ఆసుపత్రివాళ్లు ఫోనులోంచి కట్టమన్నారు. అందుకని మావయ్య ఫోనులో బ్యాంకును పెట్టే మహత్కార్యం నామీద పడింది. పెట్టాను. పెట్టి, ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. మూడు కౌంటర్లు, ఇనప తలుపు, తుపాకీ పట్టుకున్న మనిషి, గోడ గడియారం, తాడుతో కట్టేసిన పెన్ను, ఇన్నీ కలిసి చొక్కా జేబులోకి వచ్చేయడం ఆయన్ని దిగ్భ్రాంతిలో పడేసింది. నిజం చెప్పాలంటే నాకూ ఆ క్షణంలోనే మొదటిసారి ఆశ్చర్యం వేసింది. అంతకుముందు నేనెప్పుడూ దాన్ని అలా చూడలేదు.

"మరి దీనికి గేటు మనిషెవడ్రా?" అన్నాడు.

"నువ్వే మావయ్యా" అన్నాను సరదాకి.

ఆయన సరదాగా తీసుకోలేదు. నియామక ఉత్తర్వు అందుకున్నట్టు తలూపాడు.

తర్వాత నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫోనుకు తాళం పెట్టుకో, ఎవరో పంపిన లింకులు నొక్కకు, ఎవడో చెప్పాడని ఏదీ ఫోనులోకి ఎక్కించకు, ఓటీపీ వస్తే ఎవరడిగినా చెప్పకు.

"స్టేషన్ మాస్టరు అడిగితే?"

"ఇక్కడ స్టేషన్ మాస్టరు లేడు మావయ్యా. బ్యాంకు ఉంది. బ్యాంకువాళ్లు అసలు అడగరు."

"అడక్కపోతే గేటు పడిందని వాళ్లకెలా తెలుస్తుంది?"

"అదంతా కంప్యూటర్ చూసుకుంటుంది."

గేటు సగం దిగాక కిందనుంచి దూరబోయే లారీ డ్రైవరును చూసినట్టు చూశాడు నన్ను. నేను నొచ్చుకున్నాను. ఈ విషయంలో నాకు అనుభవం లేకపోలేదు. కరెంటు బిల్లు కట్టకపోతే ఈ సాయంత్రమే తీగ కోసేస్తామని వచ్చిన మెసేజీలో లింకు నొక్కి, అంతకు రెండు నెలల ముందే నేను మూడు వేలు పోగొట్టుకుని ఉన్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉపన్యాసం ఇచ్చేవాడు ఏది చెప్పాలో ఏది మింగాలో తెలిసినవాడై ఉండాలి.

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మావయ్య ఫోను మోగింది.

ఇక్కడినుంచి జరిగింది నేను కళ్లారా చూడలేదు. అత్తయ్య చెప్పింది. ఇరవైసార్లు చెప్పింది, ఇరవైసార్లూ ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది, కాబట్టి నిజమేనని నమ్ముతున్నాను. పైగా మావయ్య ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. రైలు కూతలకు ఆయన కుడిచెవి ఎప్పుడో పింఛను పుచ్చుకుంది.

మావయ్య లేచాడు. గుండీ పెట్టుకున్నాడు. గోడను చూశాడు. బీరువాను చూశాడు. అవతలివాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"గేటు."

అవతలినుంచి వెన్నలో ముంచి తీసినట్టున్న గొంతు: "నమస్కారం సార్. బ్యాంకు హెడ్డాఫీసు నుంచి. సెక్యూరిటీ సెక్షన్ సార్."

ఆ గొంతు మావయ్య పూర్తి పేరు చెప్పింది. ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు చెప్పింది. సోమవారం డిపాజిట్ విడిపించిన సంగతి చెప్పింది. అమ్మగారికి గురువారం ఆపరేషన్ కదా సార్, అంతా మంచే జరుగుతుంది, అని కూడా చెప్పింది. కన్నకొడుకులు మర్చిపోయే తేదీలు అవి. ఇవన్నీ వాడికెలా తెలిశాయో మాకు ఇవాళ్టికీ తెలియదు. ఎక్కడో ఏ మూలనో కూర్చున్న మనిషి, మా మూడో అంతస్తులో ఒక ముసలావిడ మోకాళ్ల తేదీ గుర్తుపెట్టుకుని ఫోను చేశాడంటే, వాణ్ణి తిట్టాలో, ముందు ముక్కున వేలేసుకోవాలో నాకు తేలలేదు.

"మీ ఖాతాలోకి ఎవరో రావాలని చూస్తున్నారు సార్. మేం ఆపాలి. ఇప్పుడు మీకు ఆరంకెల నంబరు వస్తుంది. అది చెప్తే చాలు సార్, మేం చూసుకుంటాం."

ఫోను టింగుమంది. నంబరు వచ్చింది.

ముప్ఫై నాలుగేళ్లు నంబరు అడిగిన గొంతుకు నంబరు ఇచ్చిన మనిషి. అడిగితే ఇవ్వడం ఆయన వృత్తి, ధర్మం, గౌరవం. నేనిచ్చిన అరగంట ఉపన్యాసం ఈ ముప్ఫై నాలుగేళ్ల ముందు ఏపాటిది? మావయ్యకు ఆ గొంతుమీద ఆవగింజంత అనుమానం కూడా రాలేదు. ఈ మాట నొక్కి చెప్పాలి. తర్వాత ఆయన్ని పొగిడినవాళ్లంతా, పెద్దాయన ఎంత తెలివిగా పసిగట్టాడో అన్నారు. పసిగట్టనే లేదు. పూర్తిగా నమ్మాడు.

"మీ నంబరు?" అన్నాడు మావయ్య.

"సార్?"

"మీ నంబరు చెప్పండి, రాసుకోవాలి. అవతలి నంబరు లేకుండా ఇవతలి నంబరు ఇవ్వకూడదుగా."

వాడు కూడా పనిలో ఆరితేరినవాడే. ఎక్కువసేపు తడుముకోలేదు. "డెబ్బై మూడు సార్."

"ఏడు, మూడు. డెబ్బై మూడు." మావయ్య ఇంటి ఖర్చుల పుస్తకం వెనక అట్టమీద రాసుకున్నాడు. "టైము పదకొండూ నాలుగు."

"ఇప్పుడు మీ నంబరు చెప్పండి సార్."

"ఖాతా తెరిచి ఉందన్నారు కదా?"

"అవును సార్, పూర్తిగా తెరిచి ఉంది. అందుకేగా తొందర."

ఆ రోజు ఆ దొంగ చేసిన తప్పు ఇదొక్కటే.

"అయితే ముందు గేటు వేయాలి" అన్నాడు మావయ్య. "వేసొచ్చి ఇస్తా. లైన్లో ఉండండి."

"సార్, సార్, అంత టైము లేదు సార్."

"రైలొస్తున్నప్పుడు ఎప్పుడూ టైముండదు బాబూ. అందుకేగా గేటు ముందు వేసేది."

ఫోనును బల్లమీద పెట్టాడు. పాస్‌బుక్కు తీసుకున్నాడు. "ఇదుగో, లైన్లో మనిషున్నాడు. నేను బ్యాంకుకెళ్లి గేటు వేయించుకొస్తా" అని అత్తయ్యతో చెప్పి, నలభై ఎనిమిది మెట్లూ దిగి వెళ్లిపోయాడు.

ఫోను వెంట తీసుకెళ్లాలని ఆయనకు తోచలేదు. గేటు ఫోను గోడకు బిగించి ఉండేది. ఫోను ఉన్నచోటే ఉంటుంది, మనిషి వెళ్లి గేటు వేసి ఫోను దగ్గరికి రావాలి. చేత్తో పట్టుకుని తిరిగే ఫోను పన్నెండేళ్లుగా ఆయన దగ్గరున్నా, ఆ విశేషం ఆయన కాళ్లకింకా తెలియదు.

బ్యాంకు నాలుగు వీధుల అవతల. మావయ్య దాదాపు పరిగెత్తాడు. నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లబోతుంటే తలుపు దగ్గరి తుపాకీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దాయనా, టోకెన్ తీసుకుని కూర్చో."

మావయ్య ఆగిపోయాడు. ఇంకెవరైనా అయితే కొంప మునుగుతోందని గొడవపెట్టేవారు. కానీ గేటు దగ్గరి మనిషి ఆగమంటే ఆగాలి. జనం అలా మారుమాట లేకుండా ఆగాలని ముప్ఫై నాలుగేళ్లు ఎదురుచూసి, ఒక్కరోజు కూడా ఆ భాగ్యానికి నోచుకోని మనిషి, ఇంకో గేటు మనిషి మాట ఎలా దాటతాడు? టోకెన్ తీసుకున్నాడు. అరవై ఒకటి. గోడమీద నలభై ఎనిమిది వెలుగుతోంది.

వంతు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. కౌంటర్లో ఉన్నది కళ్లద్దాల అమ్మాయి.

"అమ్మాయ్, ఈ గేటు వెయ్యి."

"ఏ గేటండీ?"

మావయ్య పాస్‌బుక్కు ముందుకు తోశాడు. "ఇది. తెరిచుందట. మీ హెడ్డాఫీసాయన లైన్లో ఉన్నాడు. నంబరు కోసం చూస్తున్నాడు."

"ఏ నంబరు?"

"ఆరంకెలది."

ఆ అమ్మాయి చేతులు కీబోర్డుమీద ఆగిపోయాయి. "చెప్పేశారా తాతగారూ?"

"ఎలా చెప్తాను? నువ్వింకా వేయలేదుగా."

"ఫోనేది?"

"ఇంట్లో. బల్లమీద."

"దాని దగ్గర ఎవరున్నారు?"

"మా ఆవిడ."

అప్పుడా అమ్మాయి మెల్లగా చెప్పింది. హెడ్డాఫీసు నుంచి ఎవరూ ఫోను చెయ్యరని, ఆ నంబరు వాడి చేతిలో పడిందంటే ఖాతాలో పైసా మిగలదని, పడిందో లేదో కంప్యూటరు తెరుచుకుంటేగాని తెలియదని. కంప్యూటరులో చిన్న గుండ్రం ఒకటి తిరుగుతోంది. అది తిరిగినంతసేపు ఎవరూ ఏమీ చెయ్యలేరు. మావయ్య కౌంటరు అంచు పట్టుకున్నాడట. ఆయన నోటివెంట ఒక మాట వచ్చిందని ఆ అమ్మాయి తర్వాత నాతో చెప్పింది. "ఇంతకుముందు ఒకసారి చెప్పేసింది" అన్నాడట. ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

నాకు అర్థమైంది. మా ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ మాట్లాడని సంగతి అది.

నలభై మూడేళ్ల కిందట అత్తయ్య కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఇటుకల లారీ ఒకటి పట్టాలమీద ఆగిపోయింది. మావయ్య బయట డ్రైవరుతో కలిసి దాన్ని తోస్తున్నాడు. లోపల ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. అత్తయ్య ఎత్తింది. నంబరు చెప్పమ్మా, బండి ఆలస్యమవుతోంది, నన్ను తిడుతున్నారు, అన్నాడు స్టేషన్ మాస్టరు. పాపం మనిషి అంతగా అడుగుతున్నాడు. బల్లమీద కాగితం తెరిచే ఉంది. పైనున్న నంబరు చదివేసింది.

లారీకి నలభై అడుగుల దూరంలో రైలు ఆగింది. ఎర్రజెండా పట్టుకుని మావయ్య పట్టాల మధ్య పరిగెత్తిన దూరాన్ని నేను పెద్దయ్యాక వెళ్లి నడిచి చూశాను. నడవడానికే నాకు ఆయాసం వచ్చింది. ఇంజను డ్రైవరు ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మావయ్య అత్తయ్యను ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ అనకపోవడమే ఆవిణ్ణి నలభై మూడేళ్లు తిట్టింది.

బ్యాంకులో ఆ గుండ్రం తిరుగుతోంది. ఇంట్లో బల్లమీద ఫోను మాట్లాడుతోంది.

"సార్? హలో? సార్?"

"ఆయన లేరు బాబూ" అంది అత్తయ్య. "గేటు వేయడానికెళ్లారు. లైన్లో ఉండమన్నారు."

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"గేటు వేయడమంటే మాటలా?"

రెండేళ్లుగా ఆవిడతో తీరిగ్గా మాట్లాడే మనిషి లేడు. నడినెత్తులు మాట్లాడవు. వాడు పెట్టేయలేకపోయాడు, ఆవిడ పెట్టేయనివ్వలేదు. మీ ఊరెక్కడ, అమ్మానాన్నా ఉన్నారా, ఉద్యోగం పర్మనెంటా, ఉదయం ఏమన్నా తిన్నావా, అని ఒక్కొక్కటే అడిగింది. ఉదయంనుంచి ఏమీ తినలేదన్నాడు. పొట్ట మాడ్చుకుని చేసే ఉద్యోగమేం ఉద్యోగం బాబూ, అంది. రెండుసార్లు లైను తెగింది. రెండుసార్లూ వాడే మళ్లీ చేశాడు. రెండుసార్లూ కొత్త నంబరు టింగుమంటూ వచ్చింది.

చివరికి వాడి గొంతులో వెన్న కరిగిపోయింది.

"అమ్మా, ఆయనొచ్చేలోపు మీ డబ్బంతా పోతుంది. మీ ఆపరేషన్ ఆగిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకోండి. నంబరు కనిపిస్తోందా?"

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుంది. ఫోను తీసుకుంది.

"కనిపిస్తోంది. శుభ్రంగా కనిపిస్తోంది."

"చదవండమ్మా. ఆరంకెలు. చదివితే అయిపోతుంది. ఆలస్యమైతే నన్ను పైవాళ్లు తిడతారు."

ఇక్కడికి వచ్చినప్పుడల్లా అత్తయ్య కథ ఆపి, కాసేపు తన మోకాళ్లకేసి చూసుకుంటుంది. తిడతారమ్మా, అన్న ఆ ఒక్క మాటకే ఒకప్పుడు ఆవిడ కరిగిపోయింది. వీడు కూడా ఆ మాటే అన్నాడు.

"చూడు బాబూ" అంది. "నువ్వు తిట్లు తింటావంటే నాకూ బాధగానే ఉంది. నా ఆపరేషన్ ఆగితే ఆగనీ. ఆ నంబరు నేను చెప్పకూడదు. గేటు వేసినాయన వచ్చి చెప్పాలి."

"డబ్బు పోతుందమ్మా."

"పోతే పోతుంది. మేం ఇంతకన్నా పెద్ద ప్రమాదం చూశాం."

ఫోనును బల్లమీద బోర్లా పెట్టేసింది.

ఇంత పెద్ద బ్యాంకు. దాని వెనక ఎన్ని గదుల నిండా కంప్యూటర్లో, వాటిని కాపలా కాసే మేధావులెందరో, వాళ్లకెంతెంత జీతాలో. ఆ మొత్తం వ్యవస్థకూ ఆ దొంగకూ మధ్య ఆ మంగళవారం నిలబడినది ఎవరంటే, నిలబడటానికి మోకాళ్లు సహకరించని మా అత్తయ్య.

బ్యాంకులో గుండ్రం తిరగడం ఆగింది. నాలుగు లక్షల ఇరవై వేలు, పైన చిల్లర, ఎక్కడివక్కడే ఉన్నాయి. కళ్లద్దాల అమ్మాయి టకటకా నాలుగు మీటలు నొక్కింది.

"వేసేశానండీ. ఇప్పుడు మీరు కూడా తీయలేరు."

"తాళం?"

"వేశాను."

"లాగి చూశావా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ ఒక్క కారణానికే నేను నా ఖాతా కూడా ఆ బ్యాంకుకు మార్చాను. "రెండుసార్లు లాగి చూశాను తాతగారూ" అంది.

మావయ్య ఇంటికొచ్చేసరికి ఫోను మళ్లీ మోగుతోంది. ఆయాసపడుతూనే నిలబడ్డాడు. గుండీ పెట్టుకున్నాడు. గోడను చూశాడు, బీరువాను చూశాడు.

"గేటు."

"సార్, వచ్చారా? నంబరు..."

"గేటు పడింది. తాళం పడింది. రాసుకో." అని, ఫోనులో ఉన్న ఆరంకెలూ ఒక్కొక్కటే, స్టేషన్ మాస్టరుకు చెప్పినట్టే స్పష్టంగా చదివాడు. ఖాతాకు తాళం పడి అప్పటికి పావుగంటయింది. ఆ అంకెలు నీటిమీద రాతల్లాంటివి. "రాసుకున్నావా? తిరిగి చదువు."

లైను తెగింది.

"తిరిగి చదవలేదు" అన్నాడు మావయ్య. "పని తెలియనివాడు."

దొంగని తెలిశాక కూడా నంబరెందుకిచ్చావని తర్వాత నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వేసొచ్చి ఇస్తానన్నానుగా, అన్నాడు. అంతకుమించి ఆయన దగ్గర వివరణ లేదు.

ఫోను పెట్టేశాక మావయ్య అత్తయ్య పక్కన కూర్చున్నాడట.

"నిన్నడిగాడా?" అన్నాడు.

"అడిగాడు."

"ఊఁ."

"మీరు గేటు వేశారో లేదో నాకేం తెలుసు?" అంది అత్తయ్య. నలభై మూడేళ్ల తర్వాత ఆ విషయం మీద వాళ్లు మాట్లాడుకున్నది ఇదే.

బుధవారం పొద్దున్నే నేను కూడా వెంట వెళ్లాను. కళ్లద్దాల అమ్మాయి ఖాతా తెరిచి, ఫోనులో పిన్ను మార్చమంది. పాతదానికేం తక్కువయిందన్నాడు మావయ్య. పాతది ఆయన గేటు నంబరు. పసుపు పలక మీద నల్లరంగుతో అడుగెత్తు అంకెల్లో ముప్ఫై నాలుగేళ్లు రోడ్డున పోయే ప్రతి ఒక్కరికీ కనిపించిన నంబరు. దానికన్నా తెలిసిన నంబరు ఆయన జీవితంలో లేదు, మిగతావాళ్ల జీవితాల్లోనూ లేదు. కొత్త పిన్ను ఆలోచించడానికి ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. దానితోనే ఆసుపత్రికి డబ్బు కట్టాడు, కానీ ఆ పిన్నేమిటో ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. అంతలోనే నా కరెంటు బిల్లు సంగతి ఆయన చెవిన పడిందేమోనని నాకొక అనుమానం.

గురువారం ఆపరేషన్ జరిగింది. ఏడు వారాలు గదిలో నడిచింది అత్తయ్య. తర్వాత వరండాలో నడిచింది. ఎనిమిదో వారం ఒక ఉదయం చీర మార్చుకుని, చెప్పులు వెతికి తెమ్మంది. రెండేళ్లుగా తొడగని చెప్పులు బిగిసిపోయి ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు మావయ్య.

"మీరు గేటు వేసిన చోటు చూడాలి."

నలభై ఎనిమిది మెట్లు. మావయ్య ఒక మెట్టు ముందు, నేను ఒక మెట్టు వెనక. ప్రతి మెట్టూ ఆవిడ పైకే లెక్కపెట్టింది. కింద నేలమీద కాలు పెట్టాక ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. ఎదురుగా వస్తున్న పాపిడాయన పలకరిస్తే, తల కాస్త వంచమంది. వంచాడు. "నువ్వేనా బాబూ" అంది ఆప్యాయంగా.

నాలుగు వీధులు మెల్లగా నడిచాం. రెండుచోట్ల ఆగాం. ఆవిడ కూర్చోనంది. చెమటలు పడుతున్నా ముఖంలో వెలుగు తగ్గలేదు. మలుపు తిరిగాక మావయ్య చెయ్యెత్తి చూపించాడు. అదుగో.

ఇనప షట్టరు కిందదాకా దించి ఉంది. తుపాకీ మనిషి లేడు. మావయ్య దగ్గరికి వెళ్లి, తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు.

ఆ రోజు ఆదివారం.